కంచులో నడిచే కాలం

కంచుకు మన బళ్ళలో అన్యాయం జరిగింది. వేమన చేసిన ఒక పోలిక పుణ్యమా అని, తెలుగు చదువుకున్న ప్రతి పిల్లవాడి మనసులో కంచు మోత అల్పుడి మాటగా, బంగారం నెమ్మది మంచివాడి మాటగా స్థిరపడిపోయాయి. నీతి వరకు ఆ పోలిక గొప్పదే. లోహం సంగతి వేరు. బంగారాన్ని కొడితే సొట్ట పడుతుంది, అంతే. కంచును కొడితే అది బదులు పలుకుతుంది. ఆ పలుకుల్లోకెల్లా అందమైనది, నా చెవికి, పాత రైడ్ సింబల్ పలుకు, అంటే డ్రమ్‌సెట్‌లో తాళం నడిపే కంచు పళ్ళేనిది. ఇస్తాంబుల్ పనివాళ్ళు 1950ల్లో చేతి సుత్తితో సాగగొట్టిన 20 అంగుళాల పళ్ళెం ఒకటి మన సైబరాబాద్‌లో, మాదాపూర్ సందులోని ఒక జామ్ రూమ్‌లో మోగుతుంటే విన్నాను. ఆనాటి నుంచి నేను కంచు పక్షం.

చూడటానికి దానిలో మెరుపేమీ ఉండదు. రంగు నల్లబెల్లం. నడుమ ఉబ్బెత్తుగా ఉన్న చోటును డ్రమ్మర్లు బెల్ అంటారు. అక్కడి నుంచి నెమ్మదిగా వాలుతూ దిగే భాగం బో. చివరికి పలచబడి అంచు. పైన లేత్ మీద తీసిన సన్నని వలయాలు, వలయాల అడుగున సుత్తి వేసిన గుంటలు. ఫోన్ టార్చిని పక్కవాటుగా పట్టి చూస్తే ఆ గుంటలు వందల కొద్దీ బయటపడతాయి. ఏ రెండూ ఒక లోతు కావు, ఒక వరసలో లేవు. నడిమి రంధ్రం ఒక పక్కకు అరిగి సాగిపోయింది. స్టాండు ఇనుప కడ్డీ మీద ఏళ్ళ తరబడి ఊగినందుకు మిగిలిన గుర్తు అది. సేకరించేవాళ్ళు దాన్ని కీహోల్ అంటారు, కొనేముందు మొదట చూసేది దాన్నే.

ఇక మోత. స్టిక్ మొనతో బో మీద తాకగానే ముందు కట్టె చప్పుడు వినపడుతుంది, పొడిగా, తేటగా. దాని అడుగున లోతైన హోరు ఒకటి విచ్చుకుంటుంది. అది తగ్గుముఖం పట్టిందనుకునేసరికి పైన జలజలమని సన్నని తళుకు లేస్తుంది. రెండో దెబ్బ పడే వేళకు మొదటి దెబ్బ ఇంకా పళ్ళెంలోనే ఉంటుంది. మూడోది ఆ రెండింటి మీద పడుతుంది. అలా ఒక్కో దెబ్బా ముందరి దెబ్బల మీద నిలబడి మోగుతుంది. అందుకే రైడ్‌ను ఒక్కసారి కొట్టి చూసి మంచిచెడ్డలు చెప్పలేం. నాలుగు ఆవర్తాలు నడిపించి వినాలి.

రైడ్ చేసే పని మనకు కొత్తేమీ కాదు. కూచిపూడి ప్రదర్శనలో వేదిక పక్కన కూర్చున్న నట్టువనార్ చేతుల వైపు చూడండి. ఒక తాళం ఇనుముది, ఒకటి కంచుది. మృదంగం ఎన్ని నడకలు మార్చినా, నర్తకి అడుగు ఎంత దూరం పోయి తిరిగొచ్చినా, ఆ రెండు చిన్న బిళ్ళలు కాలాన్ని పట్టుకుని ఉంటాయి. రామాలయం భజనలో చేతాళాలదీ, హరిదాసు చేతి చిడతలదీ అదే పని. తాళం పట్టినవాణ్ణి ఎవరూ చూడరు. అతను ఒక్క క్షణం ఆపితే మాత్రం అందరూ తలెత్తి చూస్తారు.

డ్రమ్‌సెట్‌లో ఈ బాధ్యత మొదట కంచుది కాదు. 1920ల అమెరికాలో డ్రమ్మర్ కాలితో పెద్ద డ్రమ్మును నాలుగు మాత్రలకు నాలుగుసార్లు తన్ని తాళం నడిపేవాడు. 1930ల్లో కౌంట్ బేసీ బృందంలో జో జోన్స్ దాన్ని హైహ్యాట్ మీదికి, అంటే కాలితో మూస్తూ తెరుస్తూ వాయించే జంట పళ్ళేల మీదికి తెచ్చాడు. పాటకు బరువు తగ్గి గాలి ఆడింది. ఆ తరువాత వచ్చాడు కెన్నీ క్లార్క్. ఆర్కెస్ట్రాలో వేగం మరీ పెరిగిన పాటకు కాలు అలసిపోయి, చెయ్యి పైనున్న పళ్ళెం మీదికి పోయిందని తరువాతి కాలంలో ఆయనే చెప్పుకున్నాడు. 1940ల మొదట్లో న్యూయార్క్ హార్లెంలోని మింటన్స్ ప్లేహౌస్‌లో థెలోనియస్ మంక్, డిజీ గిలెస్పీల సరసన ఆ పద్ధతి వేళ్ళూనుకుంది. తాళం కాలి నుంచి కంచుకు ఎక్కింది. కుడిచెయ్యి పైన టింగ్, టిటింగ్, టిటింగ్ అని ఆగకుండా నడుస్తుంటే, కింద ఎడమచెయ్యికీ రెండు కాళ్ళకూ ఒక్కసారిగా సెలవు దొరికింది. అవి మాట్లాడటం మొదలుపెట్టాయి. పాడేవాడికి అడ్డు తగిలాయి, ఊతమిచ్చాయి, ప్రశ్నలేశాయి. బీబాప్ అని మనం పిలిచే సంగీతం పుట్టుకలో ఆ సెలవుకు పెద్ద వాటా ఉంది. మన మృదంగ విద్వాంసుడికి ఎప్పటి నుంచో ఉన్న హక్కే అది. తాళం ఇంకొకరి చేతిలో భద్రంగా ఉంది గనకనే అతను లెక్కలు అల్లగలడు. క్లార్క్ ఒక్క మనిషిలోనే తాళం పట్టేవాణ్ణీ మృదంగం వాయించేవాణ్ణీ కూర్చోబెట్టాడు. నడుమ సంధి కుదిర్చింది ఒక కంచు పళ్ళెం.

ఆ కంచు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నూటికి 80 పాళ్ళు రాగి, 20 పాళ్ళు తగరం, ఏ మూలో వెండి జాడ. తగరం ఇంత ఎక్కువైతే లోహం పెళుసెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడు సుత్తి వేస్తే పగిలిపోతుంది. అలెగ్జాండర్ నౌకలను నడిపిన నియార్కస్ మన దేశంలో అలాంటి పాత్రలే చూసి, కిందపడితే మట్టిపాత్రల్లా పగులుతున్నాయని ఆశ్చర్యపోయిన సంగతి స్ట్రాబో గ్రంథంలో ఉంది. పెళుసైన ఆ లోహాన్ని దారికి తెచ్చిన ఉపాయం మాత్రం మనిషి కనిపెట్టిన గొప్ప ఉపాయాల్లో ఒకటి. ఇనుమును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, కమ్మరి కొలిమి చూసినవాళ్ళందరికీ తెలుసు. తగరం ఎక్కువున్న కంచుది సరిగ్గా ఎదురు గుణం. ఎర్రగా కాల్చి చప్పున నీళ్ళలో ముంచితే అది మెత్తబడుతుంది. పెళుసుతనం విడిచి సుత్తికి లొంగుతుంది. అదే నిప్పు, అవే నీళ్ళు, ఒక లోహానికి మొండితనం, ఇంకొక లోహానికి మెత్తదనం! మొదట ఈ సంగతి ఎవరి చేతిలో, ఏ పొరపాటు వేళ బయటపడిందో ఊహించుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ రహస్యం మన దక్షిణాది కంచరులకు చాలా ముందే తెలుసు. తమిళనాడులోని ఆదిచ్చనల్లూరులో, నీలగిరి సమాధుల్లో దొరికిన పలుచని గిన్నెలు ఇలా కాల్చి, సాగగొట్టి, నీళ్ళలో ముంచినవేనని పురాతన లోహాల పరిశోధకురాలు శారదా శ్రీనివాసన్ అధ్యయనాలు చూపించాయి. అవి క్రీస్తుకు పూర్వపు పనులు. వాటిలో తగరం ఇరవై పాళ్ళు దాటి ఉంటుంది. అంటే సింబల్ కంచుకు దగ్గరి చుట్టమే. శ్రీకాకుళం జిల్లా బుడితిలో కంచు, ఇత్తడి పని ఇవాళ్టికీ నడుస్తోంది. మంచి కంచును మోగించి చూసి ఎంచుకునే అలవాటు మన పెద్దవాళ్ళకు ఉండేది. వేలి కణుపుతో కొట్టి, మోత ఎంతసేపు నిలుస్తుందో విని, అప్పుడు బేరం ఆడేవారు. రైడ్ కొనేవాడూ చేసేది అదే.

1610ల్లో, మన హైదరాబాద్‌లో మక్కా మసీదుకు పునాది పడిన దశాబ్దంలోనే, కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో, అవెడిస్ అనే ఆర్మేనియన్ ఈ మిశ్రమం మీద కూర్చున్నాడు. బంగారం చేద్దామని మొదలుపెట్టిన రసవాది అతను. 1618లో అతని మూసలో తేలింది బంగారం కాదు, సింబల్ కంచు. సుల్తాను కొలువు అతనికి జిల్జియన్ అనే ఇంటిపేరు ఇచ్చింది. 1623లో సొంత కార్ఖానా పెట్టుకున్నాడు. ఆ ఏడాదినే సంస్థ తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. అతని పళ్ళేలు జానిసరీ సైన్యంలో మెహ్తర్ మేళగాళ్ళ చేతికి వెళ్ళాయి. ఆ మేళం మోత యూరప్ చెవిన పడి, 18వ శతాబ్దం చివరికల్లా మొజార్ట్ ఒపెరాలోకి పళ్ళేలు నడిచి వెళ్ళాయి. బంగారం కోసం వెతికినవాడికి కంచు దొరకడం ఓటమి అనుకునేవాళ్ళు ఉంటారు. నాలుగు వందల ఏళ్ళు నిలిచిన ఆ ఇంటిపేరే వాళ్ళకు జవాబు.

ఆ నగరానికీ మన నగరానికీ పెళ్ళి సంబంధం ఉంది. 1924లో ఖిలాఫత్ రద్దయి, చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కుటుంబంతో దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఆయనకు చిత్రకళా, సంగీతమూ రెండూ వచ్చు. బీథోవెన్ సంగీతాన్ని అంతఃపురంలో వాయిస్తున్న దృశ్యాన్ని చిత్రించిన మనిషి. ఆయన కూతురు దుర్రుషెహ్వార్ అప్పటికి పదేళ్ళ పిల్ల. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఆమెకు నిజాం పెద్దకొడుకు ఆజం జాతో నిఖా అయింది. ఆమెతోపాటే ఆమె బంధువు నీలోఫర్ ఆజం జా తమ్ముడికి భార్య అయింది. ఇద్దరి పేర్లూ ఇవాళ మన ఊళ్ళో ఆసుపత్రుల మీద ఉన్నాయి, రోజూ పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు ఆ పేర్లు పలుకుతూ ఆటో ఎక్కుతారు. పాత సింబల్ మీద ముద్ర చూసినప్పుడల్లా నాకు ఈ పెళ్ళే గుర్తొస్తుంది. ఎందుకంటే ముద్రలో ఊరిపేరే సేకర్తకు మొదటి పంచాంగం. కాన్‌స్టాంటినోపుల్ అని ఉంటే 1930కి ముందుదని లెక్క, అంటే సుమారుగా దుర్రుషెహ్వార్ బాల్యం. ఇస్తాంబుల్ అని ఉంటే ఆ తరువాతది, ఆమె హైదరాబాద్ కోడలైన కాలం. ముద్రలో నెలవంక, నక్షత్రం, పాత ఉస్మానీ లిపి గీతలు ఉంటాయి. దేశం 1928లో ఆ లిపిని వదిలేసినా కంచు మీద మాత్రం వదల్లేదు. చార్మినార్ చుట్టుపక్కల దుకాణం బోర్డులు చదువుతూ పెరిగిన కళ్ళకు ఆ వంపులు పరాయివి కావు.

జిల్జియన్ల ఇంటిపేరు ఒకటే అయినా ఇల్లు రెండయింది. ఇస్తాంబుల్‌లో కెరోప్ పేరిట మిగిలిన శాఖ సింబళ్ళ మీద కే అక్షరం వేసింది. బోస్టన్ దగ్గర క్యాండీ వ్యాపారం చేసుకుంటున్న మూడో అవెడిస్‌కు 1927లో బాబాయి అరామ్ నుంచి ఉత్తరం వచ్చింది, కులవృత్తి ఇక నీది అని. మిఠాయి పాకం వదిలి కంచు పాకం పట్టాడు. 1929కల్లా క్విన్సీలో అమెరికా కార్ఖానా నిలబడింది. జీన్ క్రుపా లాంటి డ్రమ్మర్లు ఇంకా పలచగా, ఇంకా చురుగ్గా కావాలని అడిగితే ఆయన విన్నాడు. సేకర్తల నోట ఏ, కే అని రెండక్షరాలే ఎప్పుడూ నలుగుతుంటాయి. ఏ తేటగా మెరుస్తుంది, కే నల్లగా పొగలా పరుచుకుంటుంది. రెండింటి మీదా నాకు గౌరవమే. మనసు మాత్రం కే వైపు.

ఇస్తాంబుల్ సరుకు అమెరికాలో గ్రెచ్ కంపెనీ ద్వారా అమ్ముడయ్యేది. పెట్టెలు దిగగానే న్యూయార్క్ డ్రమ్మర్లు బ్రూక్లిన్‌లోని వాళ్ళ గిడ్డంగికి చేరేవారు. చేతి పని కదా, ఒకే పెట్టెలో ఒకటి అద్భుతం, పక్కది కుండపెంకు. పదుల పళ్ళేలను కొట్టి కొట్టి ఒకటి ఎంచుకునేవారు. ఇవాళ మనం పాత కే కోసం వెతుకుతున్నామంటే ఆ ఎంపికల తరువాత మిగిలినవాటిలోనే వెతుకుతున్నాం. కొన్ని గొప్ప చెవులు ముందే జల్లెడ పట్టేశాయి. అందుకే దొరికిన పాత పళ్ళెం ప్రతిదీ మంచిదని నమ్మితే మోసపోతాం. చెడ్డ కే చాలా చెడ్డది.

మంచిది ఎలా ఉంటుందో వినాలంటే 1959లో రికార్డయిన 'కైండ్ ఆఫ్ బ్లూ' చాలు. మొదటి పాట 'సో వాట్'లో మైల్స్ డేవిస్ ట్రంపెట్ ఎత్తుకునే చోట జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్క దెబ్బ వేస్తాడు. కాస్త ఎక్కువే అయిందా అనిపించేంత దెబ్బ. ఆ మోత ట్రంపెట్ కింద పరుచుకుని కరిగి, రైడ్ నడకలో కలిసిపోతుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ నా ఊపిరి ఒక మాత్ర ఆలస్యమవుతుంది. 1963లో పదిహేడేళ్ళ టోనీ విలియమ్స్ అదే మైల్స్ బృందంలో చేరి, 22 అంగుళాల కే మీద చేసిన పని వింటే ఇంకో ఆశ్చర్యం. ఎంత వేగంలోనైనా అతని స్టిక్ చుక్కలు విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు, హోరు వాటిని మింగదు. ఎల్విన్ జోన్స్ చేతిలో అదే జాతి కంచు అలలు అలలుగా తిరుగుతుంది. ముగ్గురికి మూడు భాషలు ఇచ్చిన కార్ఖానా ఒకటే.

ఆ కాలంలోనే ఇటువైపు కూడా ఒక కలయిక జరిగింది. 1958లో అమెరికా జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం పోలండ్ నుంచి సింహళం దాకా పర్యటన చేస్తూ టర్కీకీ మన దేశానికీ వచ్చింది. ఇస్తాంబుల్ వీధిలో విన్న తొమ్మిది మాత్రల నడక నుంచి బ్రూబెక్‌కు 'బ్లూ రోండో' పుట్టింది. మద్రాసులో డ్రమ్మర్ జో మొరెల్లో మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళైతో కలిసి వాయించాడు. తొమ్మిది మాత్రలకు అమెరికా శ్రోతలు నోరు తెరిచారు గానీ, మన సంకీర్ణ గతి తెలిసినవాళ్ళకు అది ఇంటి నడకే.

సింబల్‌కు శ్రుతి లేదు. ఈ మాట చాలామంది లోటుగా చెబుతారు, నాకు మాత్రం ఇదే దాని ప్రతాపం అనిపిస్తుంది. విశాఖపట్నంలో పెరిగిన సి.వి.రామన్ 1920లో మృదంగం, తబలాల మీద రాస్తూ, నడుమ వేసే కరణి వల్ల ఆ చర్మవాద్యాల స్వరాలు ఎంత చక్కగా వరసలో కూర్చుంటాయో తేల్చి చెప్పాడు. మన వాళ్ళు ఎంతో శ్రమపడి తోలుకు శ్రుతి నేర్పారు. ఇస్తాంబుల్ పనివాళ్ళు అంతే శ్రమపడి కంచుకు శ్రుతి లేకుండా చేశారు. సుత్తి ప్రతి గుంటతోనూ పళ్ళెంలో బిగువు మారుతుంది. వందల గుంటలు ఏ స్వరాన్నీ రాజు కానివ్వవు. దెబ్బ పడగానే మొదట కింది కంపనాలు కదులుతాయి, ఆ బలం క్షణంలో చిన్న చిన్న కంపనాల్లోకి చెదిరి పైకి ఎగబాకుతుంది. మనం వినే జలజల అదే, అందుకే అది కొట్టిన కాసేపటికి వస్తుంది. ఏ స్వరానికీ కట్టుబడదు గనక ఏ రాగానికైనా, ఏ గొంతుకైనా రైడ్ పక్కన చోటుంటుంది. మాయామాళవగౌళ పాడినా అభ్యంతరం చెప్పదు.

కాలం గడిచేకొద్దీ కంచు మోత మెరుగవుతుందా? సేకర్తల్లో ఎక్కువమంది అవుననే అంటారు. నా అభిప్రాయం అడిగితే, అసలు గొప్పతనం పుట్టుకలో ఉంది. సుత్తి అసమానంగా పడటంలో, లేత్ కత్తి మనిషి చేతి బరువుతో నడవటంలో. ఆ తరువాత కాలం చేసే పని కూడా తక్కువది కాదు. పైన చిలుము కట్టి, లోతు తక్కువ వలయాల్లో మట్టి చేరి, తొలినాళ్ళ తెంపరితనం కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలనే మనం మాధుర్యం అంటాం.

అందుకే పాత పళ్ళేన్ని ఎవరూ మెరుగు పెట్టరు. ఈ ఐటీ కారిడార్‌లో నాకు తెలిసిన ఒక సేకర్త, కొండాపూర్ కాపురస్తుడు, ఊరు కరీంనగర్ వైపు. బోస్టన్ పక్క ఊళ్ళో ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్న రైడ్‌ను చీరల మధ్య పెట్టి సూట్‌కేసులో తెచ్చుకున్నాడు. అమ్మ ఊరి నుంచి వచ్చి చూసి, "గిదేందిరా, గింత చిలుము పట్టింది? జర చింతపండు పెట్టి తోమనా?" అని అడిగిందట. "వద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుత, దాని పానమంత గా చిలుములనే ఉన్నది" అని పళ్ళేన్ని గుండెకు హత్తుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. వేలి కణుపుతో అంచు మీద ఒకటి కొట్టి, మోత ఆగేదాకా విని, "కంచు మంచిదే" అని లోపలికి పోయింది. గ్రెచ్ గిడ్డంగిలో ఏ డ్రమ్మరూ ఇంతకన్న సరైన పరీక్ష చేసి ఉండడు.

ఆయన తన రైడ్‌కు చేసే సేవ చూడముచ్చట. ఎప్పుడూ అంచులు పట్టుకునే ఎత్తుతాడు, వేళ్ళ చెమట ముద్ర మీద పడనివ్వడు. వాడాక పొడిగుడ్డతో వలయాల దారినే తుడుస్తాడు. స్టాండు కడ్డీకి ప్లాస్టిక్ గొట్టం, కింద మెత్తని ఫెల్టు, పైన నట్టు వదులు. బిగిస్తే కంచు ఊపిరాడక పగులుతుందంటాడు. అంచున వెంట్రుకంత పగులు కనిపిస్తే దాని కొస దగ్గర చిన్న రంధ్రం వేయిస్తాడు, పగులు ముందుకు పాకకుండా. పూర్వపు యజమాని ఎవరో రివెట్లు వేసి తీసేసిన రంధ్రాలు ఆయన పళ్ళెంలో ఉన్నాయి. వాటిని లోపంగా చెప్పడు. "ఎవరో దీన్ని సిజిల్ చేసి వాయించాడన్నా, ఏ పాటలకో!" అని సంబరపడతాడు.

సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. ఈ చుట్టుపక్కల అద్దాల భవనాల్లో పాతవాటి వయసు కూడా అంతకు మించదు. వాటి మధ్య మిగిలిన గుండురాళ్ళ వయసు మాత్రం వందల కోట్ల ఏళ్ళు. నడిమి కాలం వస్తువులు ఇక్కడ తక్కువ. అందుకేనేమో డెబ్భై ఏళ్ళ పళ్ళెం ఒకటి కనిపిస్తే ఇక్కడి కుర్రాళ్ళు దాని చుట్టూ అలా మూగుతారు. ఈ కారిడార్‌లో డ్రమ్మర్లకు కరువు లేదు. పగలు కోడు రాసి, రాత్రి స్టిక్స్ పట్టేవాళ్ళు ఎందరో. అపార్ట్‌మెంట్లో నిజం డ్రమ్ములకు చోటుండదు గనక చాలామంది మెష్ ప్యాడ్ల మీద, హెడ్‌ఫోన్లు పెట్టుకుని సాధన చేస్తారు. నల్ల రబ్బరు బిళ్ళను కొడితే చెవిలో మోగేది ఎక్కడో స్టూడియోలో నిజమైన పళ్ళేన్ని మెల్లగా, గట్టిగా, బెల్ మీద, అంచు మీద కొట్టి దాచిన శబ్దం. పాత ఇస్తాంబుల్ కంచు చాలా కిట్లలో అలా బిట్లుగా నిద్రపోతోంది. ఆ ఏర్పాటు లేకపోతే ఎందరి సాధనో ఆగిపోయేది. కానీ శనివారం జామ్ రూమ్‌లో, రబ్బరుకు అలవాటైన చెయ్యి మొదటిసారి నిజం కే మీద పడినప్పుడు ఆ కుర్రాడి ముఖం చూడాలి. ప్యాడ్ ప్రతి దెబ్బకూ కొత్తగా జవాబిస్తుంది. కంచు అంతకుముందు వేసిన దెబ్బలన్నీ గుర్తుపెట్టుకుని జవాబిస్తుంది. రెండో ఆవర్తానికి కుర్రాడి మణికట్టు తనంతట తానే నెమ్మదిస్తుంది, పళ్ళెం నేర్పినట్టు.

ఇస్తాంబుల్‌లో కే కార్ఖానా 1970ల చివర్లో మూతపడింది. పేరు మీద హక్కు అంతకు ముందే అమెరికా శాఖకు చేరింది. ఇక్కడితో కథ ముగిసి ఉండేది. కానీ ఆ కార్ఖానాలో చిన్నతనం నుంచీ పని నేర్చిన ఇద్దరు ఉన్నారు, అగోప్ తోముర్జుక్, మెహ్మెత్ తమ్‌దెయెర్. ఒకరు ఆర్మేనియన్, ఒకరు తుర్కు. చేతికి వచ్చిన విద్య వదులుకోలేక 1980ల మొదట్లో ఇద్దరూ కలిసి కొలిమి వెలిగించారు. పాత పేరు వాడుకునే వీలు లేదు, ఊరి పేరే పెట్టుకున్నారు. 1996లో అగోప్ పోయాక ఆ కొలిమి రెండుగా చీలి, ఇద్దరి పేర్లమీదా రెండు సంస్థలయ్యాయి. రెండూ ఇవాళ్టికీ సుత్తితోనే పళ్ళేలు కొడుతున్నాయి. వాటిలో కొన్ని మన ఊరికీ వస్తున్నాయి.

ఈ మధ్య అలాంటి కొత్త రైడ్ ఎంచుకుంటున్న ఒక అమ్మాయిని చూశాను. గచ్చిబౌలిలో ఏదో కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు, మెళ్ళో ఇంకా ఐడీ కార్డు ఉంది. మూడు పళ్ళేలు వరసగా స్టాండ్ల మీద పెట్టించుకుంది. తాను వాయిస్తూ వినడం చాలదని, వెంట వచ్చిన బేసు గిటారు స్నేహితుణ్ణి గది ఆ చివర నిలబెట్టింది. వాయించేవాడి చెవికి స్టిక్ చప్పుడే ఎక్కువ వినపడుతుందనీ, సభకు చేరేది వేరనీ ఆమెకు తెలుసు. మెల్లని నడక, వేగం నడక, బెల్, అంచు, మళ్ళీ బో. "రెండోది," అన్నాడు స్నేహితుడు. "నువ్వు మొదటిదాని హోరు వినలేదు, పాట మధ్యలోకి వచ్చాక మింగేస్తుంది. రెండోదే, కానీ కారణం వేరు," అంది. కారణం ఏమిటో చెబుతూనే మళ్ళీ స్టిక్ అందుకుంది. ఈసారి మాట ఆపి రెండో పళ్ళెం మీద టింగ్, టిటింగ్ అని నడక మొదలుపెట్టింది. కుర్రాడు అక్కడి నుంచే బేసు గిటారును పక్కనున్న ఆంప్‌లో గుచ్చి ఆమెతో కలిశాడు. దుకాణంలో మిగతావాళ్ళం బేరాలు మానేసి తలలూపుతూ నిలబడ్డాం.